గుడి గోడ మీద గీత ఎవరిది? ఒక సిద్ధాంత గ్రంథాన్ని తూచిన కేస్ స్టడీ

2023 ఏప్రిల్‌లో, డెల్టా కాలువలకు నీళ్లు కట్టేసిన వారంలో, ఒక విశ్వవిద్యాలయం నుంచి నాకు బరువైన పార్సిల్ వచ్చింది. అందులో 312 పేజీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం, నివేదిక రాయవలసిన పత్రం, రెండు వాక్యాల ఉత్తరం ఉన్నాయి. బయటి పరీక్షకులు ఇద్దరిలో ఒకరు పట్టా ఇవ్వవచ్చన్నారు, మరొకరు కూడదన్నారు. నిబంధన ప్రకారం మూడో మనిషిగా నా మాట కావాలి. ముందరి నివేదికలు పంపలేదు. ఇలాంటప్పుడు పంపరు, పంపకపోవడమే మంచిది.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఇలాంటి పార్సిళ్లు ఏడాదికి నాలుగైదు వస్తుంటాయి. కొత్తగా పరీక్షకులైన అధ్యాపకులు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. సైన్సు వాళ్లకు ప్రయోగం ఉంది, మళ్లీ చేసి చూసుకుంటారు. చరిత్ర, సాహిత్యం, జానపదం చదివే మనం ఒక పరిశోధన బాగుందో లేదో దేనితో తూచాలి? దీనికి సూత్రం చెప్పమంటే నాకు చేతకాదు. ఈ ఒక్క గ్రంథాన్ని నేను ఎలా చదివానో, ఎక్కడ పొరబడ్డానో చెప్పగలను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

విషయం లంక గ్రామాల్లో వరద జ్ఞాపకం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య, ఏటిగట్లకు లోపలి వైపున ఉన్న ఒండ్రు దిబ్బలే లంకలు. గట్టు అవతలి వాళ్లకు వరద పేపర్లో వార్త. లంక వాళ్లకు అది వాకిట్లోకి వచ్చే చుట్టం. పరిశోధకురాలు అలాంటి ఒక ఊళ్లో 43 మందితో మాట్లాడి, ఆ మాటలన్నీ రాతలోకి ఎక్కించి, అనుబంధంగా చేర్చింది.

నేను సిద్ధాంత గ్రంథాలను వెనుక నుంచి చదువుతాను. ముందు అనుబంధాలు, తర్వాత పాద సూచికలు, ఆ తర్వాతే మొదటి అధ్యాయం. ముందుమాటలో పరిశోధకుడు తానేం చేశానని అనుకుంటున్నాడో ఉంటుంది. నిజంగా ఏం చేశాడో వెనుక పేజీల్లో తెలుస్తుంది. అలా చదువుతూ, 31వ ఇంటర్వ్యూ పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు పెట్టి ముందుకు పోయాను. ఎందుకు పెట్టానో అక్కడ రాసుకోలేదు. దాని ఫలితం తర్వాత చెబుతాను.

గ్రంథంతో పాటు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ నివేదిక కూడా వచ్చింది, పోలిక 3 శాతం అని. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పది శాతం దాకా శిక్ష లేదు, కాబట్టి కాగితం మీద అంతా శుభ్రం. కానీ తెలుగు గ్రంథానికి ఈ అంకె చెప్పేది చాలా తక్కువ. ఇంగ్లీషు పుస్తకం నుంచి పేజీలకు పేజీలు తెలుగు చేసి పెట్టుకున్నా ఆ యంత్రానికి అనుమానం రాదు. రెండో అధ్యాయంలో అదే జరిగింది. జలరవాణా గురించి రాస్తూ, "ప్రస్తుతం ఈ కాలువల మీద పడవల రాకపోకలు ముమ్మరంగా సాగుతున్నాయి" అంది. చదవగానే నవ్వొచ్చింది. ఈ రోజు కాలువ మీద కనిపించేది గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. ఆ "ప్రస్తుతం" 1907 నాటిది. నాటి బ్రిటిష్ అధికారి ఎఫ్.ఆర్. హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరు, అంటే జిల్లా వివరాల సర్కారు పుస్తకం, తీసి పక్కన పెట్టుకుంటే రెండు పేజీల వరస అంతా బయటపడింది. దూరాలు కూడా మైళ్లలోనే ఉండిపోయాయి.

ఇది తప్పే. అయితే ఎంత తప్పు? అధ్యాయానికి కేవలం నేపథ్యంగా పనికొచ్చే రెండు పేజీలవి, ఆమె వాదన వాటి మీద నిలబడలేదు. మూలం చెప్పి తిరగరాయాలని గట్టిగా రాశాను, అంతకు మించి పోలేదు. ఇక్కడితో గ్రంథాన్ని పక్కన పెట్టేసే పరీక్షకులు నాకు తెలుసు. వాళ్లను తప్పు పట్టను గాని, అలా చేస్తే ఐదో అధ్యాయం చదవకుండానే తీర్పు చెప్పినట్టవుతుంది.

నివేదిక పత్రంలో ఒక గడి ఉంది: ప్రచురించిన వ్యాసాల సంఖ్య. ఆమెకు ఒకటి. తెలుగులో, పెద్ద సూచికల్లో ఎక్కడా కనిపించని పత్రికలో. 2022 నిబంధనలతో గ్రంథ సమర్పణకు ముందు వ్యాసం తప్పనిసరి అన్న షరతు పోయింది, గడి మాత్రం పాత పత్రంలో మిగిలిపోయింది. బ్రిటన్‌లో 2014, 2021 సంవత్సరాల్లో దేశవ్యాప్తంగా పరిశోధనలను మదింపు చేసినప్పుడు కళలు, మానవీయ శాస్త్రాల బృందం ఉల్లేఖనల లెక్కలు, అంటే ఒక రచనను ఎంతమంది ఉటంకించారన్న అంకెలు, వాడలేదు. కొత్తదనం, ప్రాధాన్యం, పద్ధతిలో నిక్కచ్చితనం అనే మూడింటినే చూసింది. స్విట్జర్లాండ్‌లో ఆంగ్ల, జర్మన్ సాహిత్యాలు, కళాచరిత్ర పండితులను విడతలు విడతలుగా అడిగి మంచి పరిశోధనకు గుర్తులు పోగుచేస్తే 19 ప్రమాణాలు, వాటి కింద 70 అంశాలు తేలాయి. ఆ పద్ధతి పేరు డెల్ఫీ. డెల్టాలో కూర్చుని డెల్ఫీ జాబితా చదువుకోవడం నాకు సరదాగానే ఉంది. అందులో సంస్కృతి జ్ఞాపకాన్ని నిలపడం ఉంది, పరిశోధకుడి ఉత్సాహం కూడా ఉంది. మన పత్రంలో ఉత్సాహానికి గడి లేదు. 70 గడులు ఇచ్చినా మాత్రం ఒక గోడ మూలలో సిమెంటు అతుకు ఉందో లేదో ఏ గడీ చెప్పదు. ఈ గ్రంథం నిలబడటమూ పడిపోవటమూ ఆ అతుకు మీదే ఉన్నాయి.

ఐదో అధ్యాయం

ఊళ్లో ఒక రామాలయం ఉంది. ఉత్తరపు గోడ మీద, అరుగు మీద నిలబడితే గుండెల ఎత్తున, ఉలితో చెక్కిన జానెడు అడ్డగీత. ఏడాది లేదు, అక్షరం లేదు. అది ఏ వరదదని అడిగితే 43 మందిలో 40 మంది 1986 వరదదన్నారు. ముగ్గురు మాత్రం కాదు, 1953ది అన్నారు.

ఆగస్టు 1986 వరద గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసినదే. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇప్పటికీ అదే రికార్డు. 1953 ఆగస్టు వరద కూడా పెద్దదే, కానీ పరిమాణంలో దీని కంటే తక్కువే. మరి గీత ఏ ఏటిది?

పరిశోధకురాలు గోడను చూసింది. మొదటి పూత సున్నపు గచ్చు. దాని మీద తర్వాత సిమెంటు పూశారు. పూసినవాళ్లు గీత మీద పూయలేదు. దాని చుట్టూ చిన్న కిటికీలా నాలుగు వైపులా అంచు తీసి, పాత గచ్చును అలాగే వదిలేశారు. తూర్పు గోడ మీద దాతల పేర్లతో శిలాఫలకం ఉంది. సిమెంటు పని అనీ, 1971 అనీ దాని మీద చెక్కి ఉంది. అంటే 1971లో సిమెంటు పూసేనాటికే గీత అక్కడ ఉంది. 1986ది కావడానికి వీల్లేదు. నలభై మంది పొరబడ్డారు, ముగ్గురు సరిగ్గా చెప్పారు.

ఇక్కడ ఆగిపోయి ఉంటే మామూలు గ్రంథమే. ఆమె ఆగలేదు. పొరబాటు ఎందుకు ఇంత ఏకగ్రీవంగా ఉంది అని అడిగింది. ఆమె జవాబు ఇది: 1953లో ఊరు ఊళ్లోనే ఉంది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో కళ్లారా చూసి గీత పెట్టారు. 1986లో ఊరంతా ముందే ఏటిగట్టు ఎక్కింది. తిరిగొచ్చేసరికి గోడంతా ఒండ్రు. నీటి ఎత్తు చూసినవాళ్లే లేరు. ఎవరూ చూడని పెద్ద వరదకు, చూసిన చిన్న వరద గీతను అరువిచ్చారు.

చదివి, పేజీ మార్జిన్లో "టెర్నీ!" అని రాసుకున్నాను. మెచ్చుకోలు కాదు, అనుమానం.

టెర్నీ ఇటలీలో ఉక్కు పరిశ్రమ ఉన్న పట్టణం. 1949 మార్చిలో నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో లుయిజీ ట్రస్తుల్లి అనే 21 ఏళ్ల కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. దశాబ్దాల తర్వాత అక్కడి కార్మికులను అడిగితే చాలామంది అతను 1953లో, ఫ్యాక్టరీలో మూకుమ్మడిగా ఉద్యోగాలు తీసేసినప్పటి గొడవల్లో చనిపోయాడన్నారు. జ్ఞాపకం తేదీని తనకు అర్థం ఉన్న చోటికి జరుపుకుంటుందని ఇటలీ మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి దాన్ని ఆధారంగా చేసుకుని చూపించాడు. మౌఖిక చరిత్ర చదివిన ప్రతివాడికీ తెలిసిన ఉదాహరణ ఇది. అక్కడా ఏడాది మారింది, ఇక్కడా మారింది. విచిత్రంగా 1953 రెండు చోట్లా ఉంది. టెర్నీ అచ్చు తెచ్చి లంకలో ఒండ్రు మట్టి నింపిందేమో అనిపించింది. మానవీయ శాస్త్రాల్లో దొంగతనం కంటే ఇదే పెద్ద బెడద. వాక్యం ఎత్తుకొస్తే పట్టుకోవచ్చు, ఆలోచన వంపు ఎత్తుకొస్తే పట్టుకోవడం కష్టం. "సిద్ధాంతం అరువు సొమ్ము" అని నివేదిక చిత్తుప్రతిలో రాసేశాను కూడా.

అలా రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. నన్ను వేధించింది శిలాఫలకం. అది తూర్పు గోడ మీద ఉంది, గీత ఉత్తరపు గోడ మీద. 1971 పూత తూర్పు గోడకే అయి, ఉత్తరపు గోడకు ఆ తర్వాత ఎప్పుడో, 1986 దాటాక పూసి ఉంటే? అప్పుడు నలభై మందీ సరి, ముగ్గురే తప్పు, ఐదో అధ్యాయం మొత్తం గాల్లో కలుస్తుంది. గ్రంథంలో రెండు గోడల ఫొటోలూ ఉన్నాయి. రెండూ కలిసే మూల ఫొటో లేదు.

గోడ మూల

పరీక్షకుడు ఊరికి వెళ్లి చూడవలసిన పని కాదు. ఎవరూ అడగరు, ఖర్చులు ఇవ్వరు. నాకూ ఆ ఊరికీ మధ్య ఒక బస్సూ ఒక రేవూ తప్ప అడ్డం ఏమీ లేదు కాబట్టి వెళ్లాను. ఏప్రిల్ చివరి ఎండ. నది మధ్యలో ఇసుక మేటలు తేలి ఉన్నాయి. రేవు దాటాక అరటి తోటల మధ్య గట్టిబాట.

గుడి అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తున్న ఒక పెద్దాయన, "ఎవరి తాలూకండి మీరు?" అన్నారు. గుడి చూద్దామని వచ్చానన్నాను. అబద్ధం కాదు. పరీక్షకుడినని చెబితే ఆ మాట సాయంత్రానికి ఆ అమ్మాయికి చేరుతుంది. గీత చూపించి, "ఎనభై ఆరు వరదదండి. ఇక్కడిదాకా వచ్చింది" అన్నారు. నలభై ఒకటో సాక్షి.

మూల దగ్గర నేను వేళ్లతో తడుముతుంటే ఆయనకు నా అవస్థ అర్థమైనట్టుంది. పక్క వీధిలో ఉన్న తాపీ మేస్త్రిని కేకేశారు. ఆ మేస్త్రి ఏమీ అడగలేదు. బొటనవేలి గోరు మూల వెంబడి పై నుంచి కిందికి దింపారు. తర్వాత రెండు గోడల మీదా చేత్తో కొట్టి విన్నారు.

"ఒకే దఫా పనండి ఇది. వేర్వేరు ఏళ్లలో పూస్తే మూల దగ్గర అతుకు విచ్చుకుంటుంది. ఇక్కడ గోరు కూడా దిగదు. ఇసుక కూడా ఒకటే, ముతక ఇసుక."

అది విని అరుగు మీద కూర్చుండిపోయాను. 312 పేజీలు ఆ గోరు కింద నిలబడ్డాయి. మేస్త్రి మాటను ఏ పత్రికా సమీక్షకు పంపదు. కానీ ఆ నిమిషానికి ఆ గోడ విషయంలో ఆయనను మించిన సమీక్షకుడు లేడు. మూల ఫొటో చేర్చమనీ, మేస్త్రి ఒకరి అభిప్రాయం తీసుకొమ్మనీ నివేదికలో సూచించాను. నేను వెళ్లినట్టు రాయలేదు.

31వ ఇంటర్వ్యూ

ఇంటికొచ్చి చిత్తుప్రతి చింపేశాను. ఈసారి పొగడ్త రాయడం మొదలుపెట్టాను. ఊరందరూ గట్టెక్కారు కాబట్టి 1986 నీళ్లు ఎవరూ చూడలేదన్న వాదనను ఒక పేరాలో మెచ్చుకుంటూ, పేజీ సంఖ్య కోసం అనుబంధం తెరిచాను. నా పెన్సిల్ టిక్కు కనబడింది. 31వ ఇంటర్వ్యూ ఒక పడవవాడిది. మధ్యలో ఒక వాక్యం: "మేం ముగ్గురం పశువుల కోసం ఉండిపోయాం, గుడి మీదే ఉన్నాం."

ఊరంతా గట్టెక్కలేదు. ముగ్గురు చూశారు. ఆమె ఆ మాట విన్నది, రాసింది, అనుబంధంలో పెట్టింది, ఐదో అధ్యాయంలో దాని ఊసే ఎత్తలేదు. నేనూ మొదటిసారి చదివినప్పుడు గుర్తు పెట్టుకుని, వాదన అందంగా ఉండేసరికి మరచిపోయాను. అందమైన వాదన పరీక్షకుడి చేతికి కూడా మత్తుమందే.

అదే కోపంతో గీత 1953ది అన్న ముగ్గురి సంగతి కూడా చూశాను. వాళ్లెవరో 211వ పేజీ పాద సూచికలో ఒక్క ముక్కలో ఉంది. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు.

పట్టా ఇవ్వవద్దని రాయడానికి ఇది చాలు అనుకునేవారు ఉంటారు. నా దృష్టిలో పద్ధతి వేరు. తన వాదనకు అడ్డం వచ్చే సాక్ష్యాన్ని ఆమె మాయం చేయలేదు. ఎవరైనా చూసి పట్టుకునే చోటే ఉంచింది. దాచినవాళ్లకూ, చూపించి కూడా పట్టించుకోనివాళ్లకూ తేడా ఉంది. మొదటివాళ్లను పంపేయాలి, రెండోవాళ్లను వెనక్కి పంపాలి. "సవరించి మళ్లీ సమర్పించాలి" అన్న గడిలో టిక్కు పెట్టి, రెండు ప్రశ్నలు రాశాను. 31వ సాక్షి చూసిన నీళ్లకు గీత ఎందుకు లేదు? 1953 అన్న ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు ఎందుకయ్యారు?

టెర్నీ గురించి కూడా రాశాను. పోర్టెల్లి పేరు ఆమె సిద్ధాంత చర్చలో ఉంది, కానీ తన ఊరు ఆ నమూనాకు ఎక్కడ ఒదగదో చెప్పలేదు. ఒదగని చోటు చూపించమన్నాను.

ఐదు నెలలకు గ్రంథం తిరిగి వచ్చింది. ఆమె మళ్లీ పడవవాడి దగ్గరికి వెళ్లింది. ఈసారి ఆయన మాటలు పూర్తిగా ఉన్నాయి. నీళ్లు రాత్రి పూట ఎక్కాయి. అరుగు మీద గుండెల ఎత్తు దాటి, ఇంకో మూరెడు పైకి వచ్చాయి. తెల్లారేసరికి జానెడు దిగి, గోడ చుట్టూ తడి చార మిగిలింది. మీరు గుర్తు పెట్టలేదా అని ఆమె అడిగింది.

"గీత గీయాలని అప్పుడు ఎవరికి తోస్తుందమ్మా? పాములు ఏ మూలకు చేరాయో చూసుకున్నాం."

కాసేపయ్యాక ఆయనే అన్నాడట: "అయినా గుడి గోడ మీద ఉలి పెట్టడానికి మేమెవరం?"

ఈ రెండో వాక్యంతో ఐదో అధ్యాయం తలకిందులైంది. 1953లో గీత చెక్కించింది ఊరి పెద్దల ఇల్లు, గుడి గోడ మీద అధికారం ఉన్న ఇల్లు. 1953 అని సరిగ్గా చెప్పిన ముగ్గురూ ఆ ఇంటి వారసులే. గీతతో పాటు దాని ఏడాది కూడా ఆ ఇంటి ఆస్తిగానే ఉండిపోయింది. 1986 నీళ్లు చూసినవాళ్లకు గోడ మీద చోటు లేదు. కాలక్రమంలో మిగతా ఊరు ఆ గీతను తమ వరదకు తీసేసుకుంది. కాబట్టి ఎవరూ చూడని వరదకు గీత అరువివ్వడం అన్న పాత వాదన నిలవదు. చూసినవాళ్లకు గీసే హక్కు లేని వరద అది. టెర్నీలో జ్ఞాపకం ఒక మరణాన్ని కొత్త తేదీకి జరిపింది. ఇక్కడ ఒక ఇంటి గుర్తును ఊరు సొంతం చేసుకుంది. రెండింటికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని ఆమె రెండు పేజీల్లో, ఎవరినీ అనుకరించకుండా రాసింది. నేను అడిగిన ప్రశ్నకు నా ఊహకు అందని జవాబు వచ్చింది. గడుల్లో దేనికిందికీ రాని ఈ అనుభవం కోసమే నేను ఇంకా పార్సిళ్లు తీసుకుంటున్నాను.

మిగతా అధ్యాయాల గురించి క్లుప్తంగా. మూడోది ధవళేశ్వరం ఆనకట్ట. 1847 నుంచి 1852 దాకా కట్టిన కథ అందరికీ తెలిసిందే. కాటన్ దొరను భగీరథుడిగా స్మరించే స్నాన సంకల్ప శ్లోకం గురించి రాస్తూ, అది ఎప్పుడు పుట్టిందో ఆధారం దొరకలేదని ఒప్పుకుని, తేదీ వేయకుండా వదిలేసింది. ఒక మంచి మార్కు అక్కడే వేశాను. నాలుగోది కొలతలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఊళ్లో లెక్క గుడి మెట్లు. రేడియో అడుగులను ఊరు మెట్లలోకి ఎలా మార్చుకునేదో చెప్పిన భాగం చిన్నదైనా గట్టిది.

వైవా, అంటే మౌఖిక పరీక్ష, రోజున ముందరి రెండు నివేదికలు చదివి వినిపించారు. ఒప్పుకున్నది మూడు లైన్లు: భాష సరళం, శ్రమ కనిపిస్తుంది, పట్టాకు అర్హం. కాదన్నది పేజీన్నర. అందులో ముఖ్యమైన మాట, 43 మందిలో 40 మంది ఏడాదే తప్పు చెప్పారు, ఇలాంటి సాక్ష్యాల మీద చరిత్ర ఎలా కడతారని. తీర్పుతో నేను ఏకీభవించను గాని, ఆ పరీక్షకుడు గ్రంథం చదివాడు. శిలాఫలకం ఏ గోడకు చెందినదో ఆయనా అడిగాడు. మూడు లైన్ల మెప్పుదల కంటే ఆ పేజీన్నర తిరస్కారమే ఆమెకు ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం. బయటికి వచ్చాక ఆ మాట ఆమెతోనూ అన్నాను. ఆమె నవ్వలేదు. నాలుగేళ్ల శ్రమ గాల్లో ఊగిన మనిషి నవ్వనవసరం లేదు.

శిలాఫలకం ప్రశ్నకు వైవాలో ఆమె మూల ఫొటో తెర మీద వేసి, మేస్త్రి వాంగ్మూలం చదివింది. గోరు దిగదన్న మాట వినగానే ఆ మేస్త్రి ఎవరో నాకు తెలిసింది. తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాను.

పట్టాకు సిఫారసు చేస్తూ సంతకం పెట్టాను. రెండో అధ్యాయంలో గెజిటీరు పేరు ఇప్పుడు ఉండవలసిన చోట ఉంది, మైళ్లు కిలోమీటర్లయ్యాయి. ఎర్రనీరు, పులసల మీద రాసిన ఆరో అధ్యాయం మాత్రం అప్పుడూ పలచనే, ఇప్పుడూ పలచనే. పుస్తకంగా వేసేటప్పుడు దాన్ని తీసేయమని చెప్పాను. తీయనంటోంది.